మూడోసారి ఎక్కినామె

మద్రాసు శివారు వినోదాల పార్కులో అది కొత్త ఆట. తెర మీద ఓ పాత సినిమాలోని హీరో కారు దూసుకుపోతుంటే, దానికి తగ్గట్టు కుర్చీలు ఊగుతాయి. బయటికొచ్చేవాళ్ల అభిప్రాయాలు రాసుకోవడం సరణ్య ఉద్యోగం.

పెరంబూరు నుంచి వచ్చిన అమ్మాసి మూడోసారి కూడా ఏడుస్తూనే బయటికొచ్చింది.

"అంత భయమైతే మళ్లీ మళ్లీ ఎందుకు ఎక్కతావక్కా?" వరుసలో వాళ్లకు వినపడేలా అడిగింది సరణ్య. అందరూ నవ్వారు.

అమ్మాసి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "భయం కాదు పాపా. హీరోకి బదులు ఆ కారు తోలింది మా ఇంటాయన. మరుసటేడు ఇంకో షూటింగులో పోయినాడు. ఈడ మొహం చూపించరు. స్టీరింగు మీద చేతులు కనపడతాయి. వాటికోసరమే వచ్చినా."

సరణ్య తలెత్తలేకపోయింది. కాగితం మీద అమ్మాసి పేరుకెదురుగా "పిరికి మనిషి" అని అప్పటికే రాసేసింది.