అడుగు కొలత

అమలాపురంలో ప్లీడరు సోమయాజులుగారు కడియం నుంచి గడ్డి తెప్పించి ఇంటి ముందు లాన్ పెంచారు. దానిని ఎవరూ తొక్కరాదని ఇంటిల్లిపాదినీ శాసించారు. ఇప్పుడు వసారా నుంచి గేటు వరకు ఆ పచ్చికలో అడుగుకొక రాయి చొప్పున నాపరాళ్ళ బాట వేయిస్తున్నారు.

"ఆదివారం సబ్ జడ్జిగారి భార్యకు గేటు దగ్గర నేనే ఎదురెళ్ళి, బొట్టు పెట్టి తీసుకొస్తానండీ," అన్నది ఆయన భార్య మాణిక్యాంబ. చిన్ననాటి జ్వరానికి ఆమె ఎడమకాలు సన్నబడింది. అడుగు పొట్టిగా పడుతుంది.

ఆయన మేస్త్రీని పిలిచి, భార్యతో "అయితే ఒకసారి గేటు దాకా నడు. నీ అడుగు కొలిపిస్తాను," అన్నారు.

పెళ్ళయిననాటి నుంచి ఆయన ఆ కాలి ప్రస్తావన తెచ్చినది వెక్కిరించడానికే. మాణిక్యాంబ కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకొని, బెరుకుగా పచ్చిక మీద నడిచింది. మేస్త్రీ వెనుకనే ప్రతి అడుగు దగ్గరా సున్నంతో గుర్తు పెట్టాడు.

"చూశావా మేస్త్రీ! మీ ప్లీడరుగారికి నా కుంటికాలు ఇవాళ్టికి కనపడిందయ్యా!"

"ఆయ్! బాబుగారిది మంచి మనసండీ."

"ఉండు, కాఫీ తాగి పని మొదలుపెడుదువుగాని," అని ఆమె కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళింది.

మేస్త్రీ మొదటి రాయి ఎత్తాడు. "గుర్తుల మీదే పరిచేమంటారాండీ?"

"కాదు. రాయికీ రాయికీ నడుమ ఇంకొక జానెడు ఎడం పెంచు."

మేస్త్రీ తెల్లబోయాడు. "అమ్మగారి కాలు అందదండీ."

"అందకూడదనే కొలిపించాను," అన్నారు సోమయాజులుగారు.