వంకర గీత

తెల్లారితే లైసెన్సుల తనిఖీ. ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డుకి మేనేజరు హైమవతి. పనివాళ్ళ చెవుల వెనక ఉన్న, పెట్టించుకుంటే చాలు పని వచ్చేసే పనితనం బిళ్ళలు చూసి, జాబితాలో టిక్కులు పెట్టుకుంటోంది. వెల్డర్లు నలుగురికీ లైసెన్సులున్నాయి. చిక్కల్లా పెయింటర్ సుభానీతోనే. ఆయనకి బిళ్ళే లేదు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న పక్కన కూర్చుని కుంచె పట్టడం నేర్చుకున్నాడు. బిళ్ళ లేకుండా పని వచ్చిందంటే చట్టం లెక్కలో అది దొంగ కాపీయే. బయటపడితే షెడ్డుకి తాళం పడుతుంది.

"మిమ్మల్ని స్వీపరని రాశాను భాయ్. బిళ్ళ లేనివాళ్ళకి పరీక్ష పెడతారు, రేపు గీత గియ్యమంటే వంకరగా గియ్యండి."

"నలభై ఏళ్ళలో ఈ చెయ్యి వంకర పోలేదు మేడమ్."

"అయితే ఇవాళంతా అదే పని మీద ఉండండి."

సుభానీ పాత తలుపు రేకు ముందేసుకుని కూర్చున్నాడు. మొదట్లో గీతలన్నీ తిన్నగానే వచ్చాయి. సాయంత్రానికి మాత్రం మొదట్లో వణికి, నడుమ జారి, చివర తోక తిరిగిన గీత ఒకటి కుదిరింది. హైమవతి గుండెల మీద బరువు దిగింది.

మర్నాడు తనిఖీకొచ్చిన అమ్మాయి గియ్యమంటే సుభానీ అదే గీత గీశాడు. ఆమె చూసి నవ్వేసింది.

"రూలు ప్రకారం ఇంకో రెండు గియ్యండి తాతగారూ."

గీశాడు. ఆ అమ్మాయి మూడింటినీ ఫోన్లో ఫోటో తీసి, ఒకదానిమీద ఒకటి పెట్టి చూసింది. వెంట్రుకవాసి తేడా లేదు. నవ్వు మానేసి హైమవతి వైపు తిరిగింది.

"ఈయన స్వీపరా?"

సుభానీ వంగి, ఫోన్లోకి తేరిపార చూశాడు.

"మూడోదాని తోక కాస్త లావైందమ్మా," అన్నాడు నొచ్చుకుంటూ.