ఆగస్టు పరీక్ష

"నాకేం కాలేదు, వదలండి!" అంటూ నెరిస్ డాక్టరు చెయ్యి విదిలించుకుంది. ఆ విదిలింపుకే మనిషి పక్కకి తూలింది.

"కాలేదని నేను కూడా అనాలి కదమ్మా. నడు," అంది డాక్టర్ ఎలెరి, రెక్క పట్టుకుని మైదానం బయటికి తీసుకుపోతూ.

కార్డిఫ్‌లో పొద్దుటినుంచీ ఒకటే వాన. ఆ వానలో ఇంగ్లండ్ అమ్మాయి ఒకత్తి, గోడంత మనిషి, బంతి చంకలో పెట్టుకుని దూసుకొస్తుంటే నెరిస్ వంగి కాళ్లకి అడ్డం పడింది. ఆపింది కూడా. కాకపోతే ఆ పిల్ల మోకాలు నేరుగా కణత మీద తగిలింది. ఆ తర్వాత కాసేపు తనేం చేసిందో నెరిస్‌కి తెలీదు.

వేల్స్ రగ్బీ జట్టు ముందు వరసలో ఏళ్ల తరబడి భుజం పెట్టి తోస్తున్న మనిషి. ముక్కు పగిలినా, పక్కటెముక విరిగినా మట్టి దులుపుకుని లేచేది. తలకి దెబ్బ తగిలితే మాత్రం ఆ మొండితనం చెల్లదు. ఆగస్టులో, ఆటలింకా మొదలు కాకముందు, అందరి బుర్రలూ బాగున్నప్పుడే ఒక పరీక్ష పెట్టి మార్కులు దాచిపెడతారు. దెబ్బ తగిలిన రోజు మళ్లీ అదే పరీక్ష. ఆగస్టు కంటే తగ్గితే ఇంటికి పంపేస్తారు. నెరిస్‌కి ఇది మూడో దెబ్బ. వచ్చే వారం ప్రపంచకప్పు జట్టుని ఎంచుతారు. ఇవాళ ఫెయిలైతే ఈ ఒక్క ఆటతో పోదు, ఇంక ఆటే ఉండదు. మళ్లీ స్కూలు బస్సు తోలుకుంటూ బతకాలి.

గ్యాలరీ కింద చిన్న గది. పైన జనం పాడుతున్న పాటకి పైకప్పు అదురుతోంది.

"పది మాటలు చెప్తాను. విని నాకు అప్పజెప్పు," అంది ఎలెరి. "గొడుగు, ఉప్పు, గంట, నక్క, దువ్వెన, ఓడ, తేనె, నిచ్చెన, కత్తెర, మేఘం."

"గొడుగు, ఉప్పు, మేఘం..." నెరిస్ కళ్లు మూసుకుంది. "కత్తెర. నక్క."

"ఇంకా?"

ఇంకా ఉన్నాయి. ఉన్నాయని తెలుసు. రోజూ చేత్తో పట్టుకునే వస్తువు ఒకటుంది అందులో. తల దగ్గరికి వెళ్లేదేదో. పళ్లు బిగబట్టింది.

"ఒక్క క్షణం డాక్టర్, వస్తోంది."

"తొందరేం లేదు."

రాలేదు.

"నా దగ్గర ఏమీ దాచడం లేదు కదా నెరిస్?"

"దాచడానికి నా దగ్గరేముంది?"

నేల మీద తెల్ల గీత. దాని మీద కాలి ముందు కాలు ఆనించి నడవమంది డాక్టరు. ఎంత జాగ్రత్తగా వేసినా సగం దూరంలో కాలు పక్కకి పడింది. నెలలు వెనకనుంచి చెప్పమంటే జూన్ తర్వాత ఏప్రిల్ అనేసింది. అన్నాక తప్పని తెలిసి నాలుక కరుచుకుంది.

"తల నొప్పిగా ఉందా?"

"అబ్బే." ఉంది. పగిలిపోతోంది.

"వెలుతురు చూడలేకపోతున్నావా?"

"ఈ ఊళ్లో వెలుతురెక్కడ ఏడ్చింది డాక్టర్?"

ఎలెరి నవ్వలేదు. చేతిలో ఉన్న ట్యాబ్ తెర మీద వేలు పెట్టి పాత మార్కులు వెతుక్కుంటోంది. అయిపోయింది అనుకుంది నెరిస్. ఇంతకాలం ఒళ్లు హూనం చేసుకున్నదంతా ఈ గదిలో, ఈ బల్ల మీద అయిపోయింది.

"ఏం బుర్రే నీది!" అంది ఎలెరి తలెత్తి. "ఆగస్టులో కూడా ఐదు మాటలే చెప్పావు. అప్పుడు కూడా గీత మీద తడబడ్డావు. నెలల దగ్గరా తప్పావు. ఏ తేడా లేదు. పో, పోయి ఆడుకో."

నెరిస్ ఆవిడ బుగ్గ మీద ముద్దుపెట్టి, తడి బూట్లు టకటకలాడించుకుంటూ బయటపడింది.

మైదానంలోకి వెళ్లే దారి మొదట్లో మాబ్లి నిలబడి ఒళ్లు వేడెక్కించుకుంటోంది. ఈ ఏడే జట్టులోకి వచ్చిన పిల్ల. పరిగెత్తుకుంటూ ఎదురొచ్చింది.

"ఆటకి పంపేశారా అక్కా?"

"పంపక చస్తారా?"

మాబ్లి అటూ ఇటూ చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిసుక్కుమంది. "ఎంతైనా నీ కిటుకే కిటుకు! ఆగస్టులో తెలిసి తెలిసి సగం తప్పులు చెప్పండర్రా, దెబ్బ తగిలిన రోజు ఎవరూ పట్టుకోలేరు అన్నావు. చూశావా, నిన్నే కాపాడింది. మేమందరం కూడా అలాగే చేశాంలే."

"అందరూనా?"

"ఒక్కళ్లు కూడా మిగల్లేదు. ఇంతకీ ఇవాళ ఎన్ని దాచుకున్నావేంటి?"

నెరిస్ ఆ పిల్ల మొహంకేసి చూసింది. తడిసిన జుట్టు నుదుటికి అంటుకుని ఉంది. దువ్వుకోవాల్సింది. దేంతో దువ్వుకుంటారో ఆ మాట మాత్రం నోటికి రాలేదు.

"చాలానే దాచాలే," అంది.

మైదానం అంచు గీత దగ్గర నిలబడ్డ అధికారి రమ్మని చెయ్యి ఊపాడు. జనం ఆమె పేరు పెట్టి అరిచారు. నెరిస్ పళ్ల తొడుగు బిగించుకుని వానలోకి పరిగెత్తింది.

ఆగస్టులో పది మాటలూ గుర్తుండి ఐదు దాచింది. ఇవాళ ఒక్కటి కూడా దాచలేదు.