గంప నెత్తినుంటే ఆగని బస్సు

ప్రతి బస్తీ మూలమలుపులోనూ జనం బాధలు అడిగి రాసుకునే యంత్రం వెలిసిన రోజులవి. తొమ్మిదో బస్తీ యంత్రాన్ని చూసుకునే సుగుణకు దిగులు పట్టుకుంది. అది ఎవరినడిగినా ఒకటే జవాబు: "మంచిగనే ఉన్నం." సాయంత్రంలోగా ఒక్క బాధైనా నమోదు కాకపోతే, ఈ ఏడాది సర్కారు చేసే పనుల జాబితాలో బస్తీ పేరే ఉండదు.

దారికడ్డంగా నిలబడి అడిగితే కడుపులో మాట ఎవరు చెప్తారు! సుగుణ యంత్రాన్ని ఊడదీసి, పసిపిల్లలా చంకనేసుకుని, చింతపండు కొడుతున్న ఆడవాళ్ల మధ్యకెళ్లి చతికిలబడింది. తనూ ఒక రాయి అందుకుంది. యంత్రాన్ని మాత్రం నోరెత్తనివ్వలేదు.

పది కాయలు కొట్టేసరికి ఎల్లవ్వ మొదలుపెట్టింది.

"ఆ డ్రైవర్ లేని బస్సున్నదే, నెత్తిమీద గంపుంటే నన్ను మనిషనే అనుకోదు. ఆగకుండ పోతది. అంగడికి రోజూ నడుసుడే."

"మాకూ గంతేనవ్వా!" అన్నారు మిగిలినవాళ్లు. యంత్రం రాసుకుంటూనే ఉంది.

వారం తిరక్కుండానే, గంపెత్తుకున్న ఎల్లవ్వ ముందు బస్సు ఆగి తలుపు తెరిచింది. అవ్వ ఎక్కలేదు.

"ఇయ్యాల అంగడి లేదు. ఆగుతవో లేదో సూద్దామని నిలవడ్డ," అంది నవ్వుతూ. "ఇగ పో బిడ్డా."