మూడు ముడులకు సరిపోయే కార్డు

“ఇది వద్దన్నా. ఇట్లాంటిదే పోయిన నెల నా పరువు తీసింది.”

భారతి ఆ మెమరీ కార్డు డబ్బాను గాజు బల్ల మీద వెనక్కి తోసింది. మదనపల్లెలో కెమెరా సామాన్లమ్మే సాల్మన్ రాజుకు ఆమె కొత్త కాదు. పుంగనూరులో ఆమె, భర్త గణేష్ కలిసి ఫోటో స్టూడియో నడుపుతారు. కాకపోతే ఈ అంగడికి ఎక్కువగా గణేషే వచ్చేవాడు.

“ఏమైందమ్మా?”

“నిమ్మనపల్లె పెళ్లిలో తాళి కట్టేటప్పుడు బటన్ నొక్కి పట్టుకున్నా. మొదటి ముడికే కెమెరా బిగుసుకుపాయ. కార్డు రాసుకునే ఎర్ర లైటు ఆరేలోపల మూడు ముడులూ అయిపాయ. పెళ్లికూతురు నాయన నలుగురిలో నన్ను కడిగి పారేసినాడు.”

“మళ్లా ఒకసారి తాళి పట్టుకోమని తీసుకోవాల్సింది. అందరూ చేసేది అదే గదా.”

“ఆడ అట్లనే చేసినా. రేపటి పెళ్లిలో అట్ల అడిగేదానికి కుదరదు.”

రేపు పదిన్నరకు కుప్పంలో ముహూర్తం. ఆ పెళ్లివాళ్ల ఇళ్లలో తమిళ అలవాటు కొంత కలిసింది. పెళ్లికొడుకు ఒక్క ముడే వేస్తాడు, తక్కిన రెండూ వెనక నిలబడి అతని అక్కో చెల్లెలో వేస్తుంది. చేతులు మారతాయి, అక్షింతలు పడతాయి, అంతసేపూ కబుర్లాడుకున్న జనం సరిగ్గా అప్పుడే లేచి అడ్డమొస్తారు. అంతా కలిపితే పది సెకన్లు. ఆ పది సెకన్లు చేజారితే భారతి చేయగలిగింది ఇంకేమీ లేదు.

“గణేష్ రాలేదే?”

“ఆయన మూడు దినాలుగా కుప్పంలోనే ఉండాడు. ఈ పెళ్లి పనే.”

“ఇంకేం మరి. ఆయనొక కెమెరా, నువ్వొక కెమెరా. ఒకదాంట్లో తప్పితే ఇంకోదాంట్లో పడతాది.”

“ఆయన కెమెరా పట్టుకోడన్నా. నేనొక్కదాన్నే తీయాల.”

గణేష్ వీడియో చూసుకుంటాడు కాబోలు అనుకున్నాడు సాల్మన్ రాజు. రెండు కార్డులు తీసి పక్కపక్కన పెట్టాడు.

“డబ్బా మీద ఇంత లావున వేసిన నంబరు సూసి మోసపోవద్దమ్మా. అది చదివే స్పీడు. నీకు కావాల్సింది తీసిన ఫోటోను కార్డులోకి రాసే స్పీడు. అది ఈడ మూలకు సిన్నగా ఉంటాది, ఇంగ్లీషు వీ అక్షరం పక్కన అంకె. ఇది ముప్పై, ఇది తొంభై. తొంభైదానికి వెనక రెండు వరసల పిన్నులుండాయి సూడు. నీ కెమెరా దాన్ని తీసుకుంటాదో లేదో పెట్టి సూద్దాం.”

కెమెరా ఆ కార్డును తీసుకుంది. భారతికి మాత్రం నమ్మకం కుదరలేదు.

“నోటిమాట వద్దన్నా. నువ్వు ముడులు ఎయ్యి, నేను తీస్తా.”

ముప్పై ఏళ్ల వ్యాపారంలో ఇలాంటి గిరాకీ సాల్మన్ రాజుకు తగల్లేదు. అయినా ప్యాకింగ్ తాడు ఒకటి తెంపి ట్రైపాడ్ మెడకు చుట్టాడు. ముప్పై కార్డుతో రెండో ముడికే కెమెరా నిలిచిపోయింది. తొంభై కార్డుతో మూడో ముడీ పడి, ఆయన చేతులు దులుపుకుని, ఇంక చాలమ్మా అనేదాకా టపటపమని కొట్టుకుంటూనే పోయింది. భారతి ఒక్కో ఫోటో పెద్దది చేసి చూసింది.

“తాడు బాగా పడింది. నీ ముఖమే పడలే.”

“నా ముఖం యాల? పెళ్లిలో ఎవరైనా పెళ్లికూతురు ముఖమే గదా సూసేది.”

“ఇది అట్ల కాదు. ముడి వేసిన చెయ్యి ఎవరిదో తెలియాల. చెయ్యీ ముఖమూ ఒకే ఫోటోలో ఉండాల. పెళ్లికొడుకుదీ, తక్కిన ముడులేసే వాళ్లక్కదీ.”

“ఎవరమ్మా అంత గట్టి మనిషి?”

“వకీలు. దండలు మార్చుకునే ఫోటోలు ఎన్ని ఇచ్చినా లెక్కలోకి రావంటాడు. మూడు ముడులూ సూపిస్తేనే పెళ్లంట.”

“వకీళ్లిళ్లల్లో పని ఒప్పుకుంటే అంతేనమ్మా. పెట్టిన అన్నంలో కూడా తప్పు పడతారు.”

భారతి కెమెరాలో తారీఖు, టైము ఫోనుతో సరిచూసి పెట్టించుకుంది. బిల్లు స్టూడియో పేరు మీద వద్దు, తన పేరు మీదే రాయమంది.

“ఫోటోలు కంప్యూటర్‌లోకి ఎక్కించినాక కార్డు ఖాళీ చేసుకో. చానా పెళ్లిళ్లకు వస్తాది,” అన్నాడు సాల్మన్ రాజు.

“ఖాళీ చేసేది లేదు. కార్డు అట్లనే వకీలు చేతికిస్తా.”

ఇంత ఖరీదైన కార్డు ఊరికే ఇచ్చేయడమేమిటో ఆయనకు అర్థం కాలేదు. అడుగుదామనుకునేలోపు ఆమె కార్డు డబ్బాలో ఉందో లేదో మూడోసారి తెరిచి చూసుకుంది.

“భయమా అమ్మా?”

“భయమేనన్నా. ఇది తప్పితే నా మాట ఒక్కరూ నమ్మరు. పిచ్చిదంటారు. ఇప్పటికే అంటాండారు.”

“నిమ్మనపల్లె సంగతి మరిచిపో. ఒక్క తప్పుకు ఎవరూ పిచ్చిదనరు. ప్రభువు తోడుంటాడు, పోయిరా.”

భారతికి ఏడుపొచ్చింది. కార్డు సంచిలో వేసుకుని గబగబా మెట్లు దిగిపోయింది.

మరునాడు కుప్పం మండపంలో మేడ మీది వరండాలో, ముఖానికి చున్నీ చుట్టుకుని నిలబడింది. కింద పెళ్లివాళ్లు కుదుర్చుకున్న ఫోటోగ్రాఫర్లు ఇద్దరున్నారు. చేతిలో పెద్ద కెమెరా చూసి ఈమె కూడా వాళ్ల మనిషే అనుకున్నారేమో, ఎవరూ ఏమీ అడగలేదు.

పదిన్నరకు మేళం జోరందుకుంది. జనం లేచారు. పెళ్లికొడుకు తల వంచి బాసికం సర్దుకుంటున్నాడు, ముఖం కనిపించడం లేదు. అతని అక్క పెళ్లికూతురి వెనక్కి వచ్చి, నవ్వుతూ జడ పక్కకు తీసింది. కెమెరా కదలకుండా భారతి మోచేతులు పిట్టగోడకు ఆనించింది.

“తలెత్తు,” అని గొణిగింది.

అతను తాళి అందుకుని తలెత్తాడు. ఆమె బటన్ నొక్కి పట్టింది.

గణేష్ మొదటి ముడి వేశాడు.