అమ్మ పంపిన డబ్బా

"ఓడ పదింటికే, స్ట్రాటిస్ బాబాయ్! రేపు ఏథెన్స్‌లో నాకు ఉద్యోగానికి ఇంటర్వ్యూ!"

ఫొటీని ఎంత మొత్తుకున్నా, దీవిలో ఉన్న ఆ ఒక్క బస్సూ గడపగడపకీ ఆగుతూనే ఉంది. డ్రైవర్ స్ట్రాటిస్ ఒక ఇంట్లో రొట్టెలు దించాడు, ఇంకో ఇంట్లో మందులిచ్చాడు.

పదీ పదికి నీలం తలుపు ముందు మళ్లీ ఆపాడు. ముసలావిడ తాపీగా వచ్చి, అన్నం కూరి వండిన టమాటాల డబ్బా అందించింది.

"ఇది బస్సా, పోస్టాఫీసా? నా ఉద్యోగం ఈ టమాటాల పాలైంది!"

"పట్నం చదువు నీకు గడియారం చూడ్డమొక్కటే నేర్పిందా అమ్మడూ?"

రేవుకి చేరేసరికి ఓడ ఇంకా అక్కడే ఉంది. స్ట్రాటిస్ డబ్బా ఆమె చేతిలో పెట్టి, "పరిగెత్తు" అన్నాడు.

ఓడ పైమెట్టు మీద నిలబడ్డ కెప్టెన్ ఆమె వంకైనా చూడకుండా డబ్బా అందుకుని, మూత తీసి వాసన చూశాడు.

"అమ్మ భోజనం వచ్చేసింది. ఇక లంగరెత్తండ్రా!"