కర్పూరం ఆర్పని చెయ్యి

గోవిందు మిల్లులో చేరిన పూటే ఆడవాళ్ళను నవ్వించాడు.

పత్తి ఏరుతున్న నెరిసిన తలల దగ్గరికి పత్తి కుక్కిన గోనె బోరెం మోసుకొచ్చి, "పక్కకు జరగండి పాపా, తగులుతాది" అన్నాడు.

"మనవరాండ్లను ఎత్తినోళ్ళం. మేము పాపలమా?" అని సుబ్బమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె మేస్త్రీ కాశప్ప భార్య.

గోవిందుకు అదే అలవాటు. ఆడమనిషి ఏ వయసుదైనా అతనికి పాపే.

కాశప్పకు మాత్రం అతను మొదటి చూపులోనే గిట్టలేదు. పేరేమో దేవుడిది. మిల్లు గోడ గూట్లో ఉన్న ఆంజనేయస్వామికి దండం పెట్టకుండానే పనిలోకి దిగుతాడు. నుదుట బొట్టుండదు, చెవి మీద బీడీ ఉంటుంది.

కాశప్ప పెరిగిన తీరు వేరు. ఎమ్మిగనూరులో వాళ్ళ నాయన, పూజ కాకముందు గుక్కెడు నీళ్ళు తాగాడని పిల్లవాణ్ణి మగ్గం గుంజకు కట్టేసి కొట్టిన మనిషి. మగ్గాలు మూలబడి ఆదోని జిన్నింగు మిల్లుకు వచ్చినా కాశప్ప ఆ నియమం వదల్లేదు. కల్లు ముట్టడు, బీడీ ముట్టడు. గూటికి పూలూ ఊదుబత్తీ రోజూ తన చేతుల మీదుగానే. మనిషంటే ఇట్లా బతకాలని షావుకారు ఇంద్రసేనయ్య కొత్తవాళ్ళకు కాశప్పనే చూపించేవాడు.

ఆ శనివారం గూటినిండా తమలపాకుల దండలు పడ్డాయి. ఊదుబత్తులు గుచ్చడానికి చోటు లేదు. కాశప్ప వాటిని పక్కనున్న పత్తి బోరెం కుట్టులో గుచ్చి, కళ్ళు మూసుకుని మొక్కి, పనిలో పడ్డాడు.

పొద్దు నెత్తికెక్కకముందే బోరెం అంటుకుంది.

పత్తి మండితే మనిషికి అరిచే వ్యవధి కూడా ఇవ్వదు. అందరూ బయటికి ఉరికారు. గోడవారన పత్తి ఏరుతున్న సుబ్బమ్మ పొగలో చిక్కింది. ఎవరో ఆమె తలమీద తడిగోతం కప్పి, ఎత్తుకొచ్చి, వాకిట్లో దించి పోయారు. ఆ పొగలో ఎవరు ఎవరో ఎవరికీ కనపడలేదు.

ఆసుపత్రిలో చూస్తే ఒంటిమీద బొబ్బలు తక్కువే గానీ, పొగకు గొంతు మూసుకుపోయింది. నిన్ను బయటికి తెచ్చిందెవరని కాశప్ప అడిగితే, సుబ్బమ్మ రెండు చేతులూ ఎత్తి జోడించింది.

కాశప్పకు ఒళ్ళు గగుర్పొడిచింది. స్వామే వచ్చాడు.

తెల్లారేసరికి మిల్లంతా అదే మాట. విగ్రహానికి మసి కూడా అంటలేదన్నాడు ఒకడు. పొగలో తోక చూశానన్నాడు ఇంకొకడు.

స్వామి కాపాడాడు సరే, మరి నిప్పు పెట్టిందెవరు? ఎవడో బీడీ తాగి పారేశాడని షావుకారు తేల్చేశాడు. పోలీసులెందుకు, స్వామి చాలన్నాడు. గూటి ముందు కర్పూరం వెలిగించి అందరినీ వరుసలో నిలబెట్టాడు. నిన్న నేను బీడీ ముట్టలేదని చెప్పి, అరచేత్తో కర్పూరం ఆర్పాలి. ఆర్పినవాడు మంచివాడు.

ఒక్కొక్కరే ఆర్పారు. ఆర్పిన చేతుల్లో సగం బీడీ కంపు కొడుతూనే ఉన్నాయి.

కాశప్ప వంతు వచ్చింది. రాత్రంతా అతనికి ఆ ఊదుబత్తులే కళ్ళలో మెదిలాయి. అయితే షావుకారు అడుగుతున్నది బీడీ సంగతి. బీడీ తను జన్మలో ముట్టలేదు. అబద్ధమాడొద్దని నాయన కొట్టి నేర్పాడు. అడగనిది చెప్పమని మాత్రం నేర్పలేదు.

"నిన్న నేను బీడీ ముట్టలేదు సామీ" అని గట్టిగా చెప్పి, అందరికంటే నిదానంగా ఆర్పాడు.

తర్వాత గోవిందు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నేను ఆర్పను."

"ఏమప్పా, ఎందుకు?" అన్నాడు షావుకారు.

"నిన్న బస్టాండుకాడ ఒక బీడీ తాగినా. ముట్టలేదని ఎట్ల సెప్పేది? మిల్లులో మాత్రం తాగలేదు. నా మాట నమ్మనోళ్ళు, నా సెయ్యి కాలితే నమ్ముతారా?"

ఇంకేం, దొంగ దొరికాడు. బీడీ కంపు కొట్టే చేతులే ముందుగా అతని మెడ మీద పడ్డాయి.

గేటు దాకా నెట్టుకుపోయింది మాత్రం కాశప్పే.

"దేవుడంటే భయం లేదేమిరా నీకు?"

గోవిందు కిందపడ్డ తువ్వాలు తీసి, దులిపి, భుజాన వేసుకున్నాడు.

"భయముంటేనే నిజం సెప్పల్లనా అన్నా?"

తల వంచకుండా రైల్వే స్టేషను దారి పట్టాడు. ఏ బండి ఎక్కాడో, ఏ ఊరు పోయాడో ఎవరూ అడగలేదు.

కాశప్ప గేటు వేసి వెనక్కి తిరిగాడు. ఆ మాట తలుచుకునే అవసరమూ పడలేదు. సాక్షాత్తూ స్వామి వచ్చి పెళ్ళాన్ని కాపాడిన మనిషాయె. షావుకారు గూటిని చిన్న గుడి చేశాడు. స్వామికి వెండి కళ్ళు చేయించి, అవి పెట్టే భాగ్యం కాశప్పకే ఇచ్చాడు.

ఆ రోజు సుబ్బమ్మను ఆటోలో తీసుకొచ్చి అందరికంటే ముందు కూర్చోబెట్టారు. గొంతు అప్పుడప్పుడే తెరుచుకుంటోంది. కాశప్ప స్వామికి కళ్ళు పెట్టి వచ్చి, నిన్ను మోసుకొచ్చిన స్వామికి దండం పెట్టుకొమ్మని ఆమెకు చెప్పాడు.

సుబ్బమ్మ గుడివైపు చూడలేదు. పని ఆపి నిలబడ్డ మగవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే వెతికింది.

"ఆయప్ప యాడ?" అంది, గీరుకుపోయిన గొంతుతో.

"ఎవరే?"

"ఆ పొద్దు నేను సేతులెత్తి మొక్కింది ఆయప్పకే. కండ్లు మూసుకో పాపా, అని నన్ను ఎత్తుకొచ్చినాడే."